ఇరుకు దారిలో పుట్టిన వ్యాకరణం

(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మాటల్లోకి దిగే ముందు ఒక చిన్న పని చేసేస్తాను. ఈ ల్యాప్‌టాప్‌లో ఒక ప్రోగ్రాం ఉంది, దాన్ని రన్ కొడుతున్నాను. తెర మీద ఐదు అడ్డు వరసలు, ఐదు నిలువు వరసలు ఉన్న పట్టిక కనిపిస్తోంది కదా. మొత్తం 25 గడులు. ప్రతి గడిలో అర్థం పర్థం లేని ఒక మాట ఉంది: కిమపో, లురె, తానిగు, ఇలాంటివి. కంప్యూటరే అక్షరాలు కలగలిపి వీటిని పుట్టించింది. అడ్డు వరసలు ఐదు జంతువులు అనుకోండి. నిలువు వరసలు అవి చేసే ఐదు పనులు. కుక్క పరిగెత్తడానికి ఒక మాట ఉంది. అదే కుక్క నిద్రపోవడానికి, దీనితో ఏ చుట్టరికమూ లేని ఇంకో మాట. ఒక్కో గడికీ మాటను బట్టీ పట్టాల్సిందే. ఇది ఇలా నడుస్తూ ఉంటుంది, చివర్లో చూద్దాం.

భాష ఎలా పుట్టింది అన్న ప్రశ్నకు ఒక విచిత్రమైన చరిత్ర ఉంది. 1866లో పారిస్ భాషాశాస్త్ర సంఘం తన నియమావళిలో రెండో నియమంగా ఏం రాసుకుందంటే, భాష పుట్టుక గురించి ఎవరు వ్యాసం పంపినా తీసుకోం అని. ప్రశ్న చెడ్డదని కాదు. జవాబులు మరీ ఎక్కువైపోయాయి. కుక్క అరుపును అనుకరించి మాట్లాడటం నేర్చుకున్నారని ఒకరు, నొప్పితో మూలిగిన మూలుగే మొదటి మాట అని ఇంకొకరు. ఎవరిది తప్పో తేల్చే దారి లేదు. ఎముక మిగులుతుంది, రాతి పనిముట్టు మిగులుతుంది, మాట గాలిలో కలిసిపోతుంది. మన జాతి మనుషుల శిలాజాలు సుమారు 3 లక్షల ఏళ్ళ నాటివి దొరికాయి. రాత వయసు 5 వేల ఏళ్ళకు కాస్త అటూ ఇటూ. మధ్యలో ఉన్నదంతా నిశ్శబ్దం.

ఇక్కడ రెండు ప్రశ్నలు కలగాపులగం అవుతుంటాయి, ముందే విడదీస్తాను. ఉన్న భాషలు ఎప్పుడు చీలాయి అన్నది ఒక ప్రశ్న. దానికీ కంప్యూటర్ వాడతారు. జీవశాస్త్రంలో జాతుల వంశవృక్షం గీసే పద్ధతినే మాటల జాబితాల మీద నడుపుతారు. 2018లో 20 ద్రావిడ భాషల మాటలతో అలా లెక్కగట్టి, ఈ కుటుంబం వయసు సుమారు 4,500 ఏళ్ళు ఉండొచ్చన్నారు. మంచి పనే, కానీ నేను చెప్పబోయేది అది కాదు. 4,500 ఏళ్ళ కిందటి ఆ మూలభాష కూడా ఇప్పటి తెలుగంత పూర్తి భాషే. అసలు భాష అనే వస్తువు ఈ రూపంలో ఎందుకుంది అన్నది నా ప్రశ్న.

రూపం అంటే ఏమిటో ఒక్క మాటతో చూపిస్తాను. "చెప్పించుకోలేకపోయాను." మనం ఏ కష్టమూ లేకుండా అనేస్తాం. విప్పి చూడండి. "చెప్పు" అసలు పని. "ఇంచు" చేరితే ఆ పని ఇంకొకరి చేత చేయించడం. "కొను" చేరితే నా కోసం. "లేక" చేరితే చేతకాలేదని. "పోయా" అంటే అయిపోయిన సంగతి. చివరి "ను" అంటే ఆ చేతకానిది నాకే అని. ఐదారు ముక్కలు, ఒక్కోదానికి ఒక్కో పని. ఇప్పుడు "చెప్పు" తీసేసి అక్కడ "అతికించు" పెట్టండి, "కుట్టు" పెట్టండి. ఆ మాట మీరు జీవితంలో ఎప్పుడూ విని ఉండకపోవచ్చు, అయినా అర్థమవుతుంది. జంతువుల అరుపుల్లో ఇలా ముక్కలు విప్పి మళ్ళీ కొత్తగా బిగించుకునే ఏర్పాటు ఇంత విస్తారంగా ఎక్కడా కనిపించదు. ఈ ఏర్పాటు ఎవరు చేశారు?

చాలాకాలం వినిపించిన జవాబు ఒకటే: మెదడు. పుట్టుకతోనే వ్యాకరణం అచ్చు మెదడులో ఉంటుంది, భాష ఆ అచ్చులో పోత పోసినట్టు వస్తుంది అని. కావచ్చు. అయితే 1980ల చివర్లో, 90లలో కొందరు ఇంకో రకంగా అడగడం మొదలుపెట్టారు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో జిమ్ హర్‌ఫర్డ్, ఆయన తర్వాత సైమన్ కిర్బీ. మెదడులో అచ్చు పెట్టకుండా, నేర్చుకోవడం, నేర్పడం అనే రెండు పనులు మాత్రమే కంప్యూటర్‌లో పెడితే ఏమవుతుంది? తండ్రి మాట్లాడతాడు. కొడుకు కొంత వింటాడు, విన్నదాన్నిబట్టి మొత్తం భాషను ఊహించుకుంటాడు. రేపు వాడే తండ్రి. ఇలా తరాల తరబడి నడిపితే?

ఒకరి చెవిలో ఒకరు మాట చెప్పుకుంటూ పోయే పిల్లల ఆట గుర్తొస్తోంది కదా. ఆ ఆటలో మాట చివరికి చేరేసరికి పాడైపోతుందని మనకు తెలుసు. ఇక్కడ జరిగింది దానికి పూర్తిగా తలకిందులు. చెత్తగా బయల్దేరిన భాష దారిలో బాగుపడింది.

ఎందుకో లెక్కలో చూపిస్తాను, ఇది నాకు ఈ మొత్తం కథలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం. కాస్త ఓపిక పట్టండి. మన పట్టికలో 25 గడులున్నాయి. ఒక తరం బిడ్డకు అందులో 12 మాత్రమే వినబడతాయి, ఏ పన్నెండు అన్నది లాటరీ. కానీ వాడు పెద్దయ్యాక 25 గడుల్లో దేని గురించి అడిగినా ఏదో ఒకటి చెప్పాలి. విననివి సొంతంగా పూరించుకోవాల్సిందే. ఇప్పుడు "కిమపో" అనే మాటను చూడండి. దానికి ఎవరితోనూ పోలిక లేదు. అది తర్వాతి తరానికి చేరాలంటే లాటరీలో స్వయంగా దాని గడే రావాలి. ఒక్కో తరంలో ఆ అవకాశం సగానికి కాస్త తక్కువ. వరసగా పది తరాలు గట్టెక్కే అవకాశం 1,500లో ఒకటి.

అదే, కుక్క వరసలోని ఐదు మాటలూ పొరపాటున "లు" అనే ముక్కతో మొదలయ్యాయనుకోండి. ఆ ఐదింటిలో ఏ ఒక్కటి వినబడినా బిడ్డకు "లు" అందినట్టే అనుకుందాం. ఐదూ తప్పిపోయే అవకాశం నూటికి రెండున్నర కూడా లేదు. పది తరాల తర్వాత కూడా "లు" బతికి ఉండే అవకాశం సుమారు 78 శాతం. ఒంటరి మాట బతకాలంటే ప్రతిసారీ తనే కంటబడాలి. జట్టులో ఉన్న ముక్కకు జట్టులో ఎవరో ఒకరు కంటబడితే చాలు.

ఇందులో ఎవరి తెలివీ లేదు, గమనించండి. బిడ్డ వ్యాకరణం కనిపెట్టాలనుకోలేదు. దారి ఇరుకుగా ఉంది, అంతే. ఆ ఇరుకులోంచి దూరగలిగిన మాటలు మిగిలాయి. దూరడానికి తేలికైన ఆకారం ఏమిటంటే, ముక్కలుగా విడిపోయే ఆకారం. దీనికి ఇంకో వైపు కూడా ఉంది. 25కి 25 గడులూ వినిపించేసి, జ్ఞాపకశక్తికి హద్దు పెట్టకపోతే ఆ భాషకు ఏమీ కాదు. మొదట్లో ఎంత అస్తవ్యస్తంగా ఉందో పది వేల తరాల తర్వాతా అలాగే ఉంటుంది. అన్నీ విని, అన్నీ గుర్తుపెట్టుకునే విద్యార్థికి వ్యాకరణంతో పని లేదు.

కంప్యూటర్‌లో కుదిరింది సరే, మనుషుల్లో కుదురుతుందా? 2008లో కిర్బీ, హన్నా కార్నిష్, కెన్నీ స్మిత్ కలిసి ప్రయోగశాలలో చేసి చూశారు. బొమ్మలు 27: చతురస్రం, వృత్తం, త్రిభుజం, నలుపు, నీలం, ఎరుపు, అడ్డంగా కదలడం, ఎగిరెగిరి పడటం, సుడి తిరగడం. ఇది గ్రహాంతరవాసుల భాష, నేర్చుకోండి అని మొదటి మనిషికి అడ్డదిడ్డపు మాటలు ఇచ్చారు. సుమారు సగం బొమ్మలకే మాటలు చూపించి, 27 బొమ్మలకూ పరీక్ష పెట్టారు. అతను రాసిన జవాబులే రెండో మనిషికి పాఠం. అలా పది మంది కలిస్తే ఒక వరస.

మొదటి విడతలో భాష నేర్చుకోవడానికి బ్రహ్మాండంగా తేలికైపోయింది. ఎలాగంటే, మాటలే తగ్గిపోయాయి! ఒక వరసలో చివరికి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. అడ్డంగా కదిలే ప్రతిదాన్నీ, ఏ రంగైనా, ఏ ఆకారమైనా, "తూగే" అన్నారు. (నవ్వులు) అవును, తెలుగులో ఊగుతూ ఉండేదాన్ని తూగే వస్తువు అంటాం. పాపం వాళ్ళకు తెలుగు రాదు, కాకతాళీయం. నేను మొదటిసారి ఆ పట్టిక చూసినప్పుడు మాత్రం ఒక క్షణం ఆగిపోయాను.

ఇలాంటి భాష నేర్చుకోవడం తేలిక, దానితో సంగతి చెప్పడం కష్టం. అందుకని రెండో విడతలో చిన్న మార్పు చేశారు. ఒకే మాట రెండు మూడు బొమ్మలకు వచ్చిందంటే, ఒకటి ఉంచి మిగతావి తర్వాతి మనిషికి చూపించకుండా తీసేశారు. పాల్గొన్నవాళ్ళకు ఈ సంగతి చెప్పలేదు. ఈసారి ఒక వరసలో వచ్చిన భాషను చూడండి: మాట మొదట్లో "న" ఉంటే నలుపు, "ల" ఉంటే నీలం, "ర" ఉంటే ఎరుపు. చివర "కి" వస్తే అడ్డంగా కదిలింది, "ప్లో" వస్తే ఎగిరిపడింది, "పిలు" వస్తే సుడి తిరిగింది. ఆకారం సంగతి మధ్యలో. అక్కడక్కడా పొరపాట్లున్నాయి, కానీ దీన్ని వ్యాకరణం అనకపోతే ఏమంటాం? ఆ వరసలో కూర్చున్నవాళ్ళలో ఎవరూ దీన్ని తయారు చేయలేదు. ప్రతి ఒక్కరూ తాము చూసినది ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పడానికే ప్రయత్నించారు.

కాబట్టి కావలసినవి రెండు ఒత్తిళ్ళు. నేర్చుకునేవాడికి తేలికగా ఉండాలి, వినేవాడికి తేడా తెలియాలి. మొదటిదొక్కటే ఉంటే "తూగే" మిగులుతుంది. రెండోదొక్కటే ఉంటే 27 బట్టీ మాటలు మిగులుతాయి. రెండూ చెరో పక్కన లాగితే మధ్యలో వ్యాకరణం వస్తుంది.

ప్రయోగశాల బయట ఇలాంటిది కళ్ళ ముందు జరిగిన చోటు ఒకటుంది, మధ్య అమెరికాలోని నికరాగ్వా. 1970ల చివర్లో దాని రాజధాని మనాగ్వాలో వినికిడి లేని పిల్లలకు బడి పెట్టారు. అంతకు ముందు ఆ పిల్లలు ఎవరి ఇళ్ళల్లో వాళ్ళు ఇంటి సైగలతో గడిపినవాళ్ళు. బడిలో కలిశాక వాళ్ళ మధ్య కొత్త సంజ్ఞా భాష పుట్టింది, పెద్దవాళ్ళెవరూ నేర్పకుండానే. ఆన్ సెంగాస్ బృందం 2004లో ఒక సంగతి చూపించింది. ఒక వస్తువు దొర్లుతూ వాలు మీంచి కిందికి పోవడాన్ని చెప్పమంటే, మొదటి తరం పిల్లలు ఎక్కువగా చేతిని దొర్లిస్తూనే కిందికి దించేవారు. జరిగినది జరిగినట్టు, ఒకే సైగ. తర్వాత బడిలో చేరినవాళ్ళు దాన్ని రెండుగా కోశారు: ముందు "దొర్లు", తర్వాత "కిందికి". నిజానికి బొమ్మలాంటి ఒక్క సైగే అసలు సంఘటనకు దగ్గర. కానీ కోసిన ముక్కలు ఇంకెక్కడైనా పనికొస్తాయి. "దొర్లు" తీసి "గెంతు" పెట్టొచ్చు. చిన్న పిల్లల చేతుల్లో పడ్డాకే భాష ముక్కలైంది, మా పట్టికల్లో తరం మారినప్పుడల్లా అయినట్టే.

తరాల సంగతి ఇది. ఒకే తరంలోని జనం ఒకే మాట మీదికి ఎలా వస్తారన్నది వేరే లెక్క. దానికి లూక్ స్టీల్స్ 90లలో "పేర్ల ఆట" అనేది తయారు చేశారు. దాన్ని తర్వాత బాగా సరళం చేసిన రూపంలో చెబుతాను. ఇద్దరు ఏజెంట్లు, అంటే కంప్యూటర్‌లోని ఉత్తుత్తి మనుషులు, ఎదురుపడతారు. ఒకడు ఒక వస్తువుకు తన దగ్గరున్న పేరు చెబుతాడు. రెండోవాడికి అది తెలిస్తే ఇద్దరూ ఆ ఒక్క పేరు ఉంచుకుని మిగతావి మర్చిపోతారు. తెలియకపోతే రెండోవాడు దాన్ని తన జాబితాలో చేర్చుకుంటాడు. అంతే నియమం. పైన ఎవరి పెత్తనమూ ఉండదు. చాలాసేపు గందరగోళంగా పేర్లు పెరిగిపోతూ ఉంటాయి, ఆ తర్వాత ఉన్నట్టుండి అందరూ ఒకే పేరు మీద వాలిపోతారు. ఆయన దీన్ని కెమెరా కళ్ళున్న యంత్రాలతో, తెల్లబోర్డు మీద అతికించిన రంగు బొమ్మల ముందు కూడా ఆడించారు. దీని మీద ఇంకా చాలా పని జరిగింది, ఇప్పుడు అందులోకి వెళ్ళను.

ఇక నియమం తప్పే మాటలు. భాష అంతా నియమబద్ధమైతే "రా" సంగతేమిటి? అడుగు, అడిగాను, తిరుగు, తిరిగాను. మరి రా అయితే వచ్చాను, వస్తాను, కానీ రాలేదు, రాను. ఇంత వాడుకలో ఉన్న క్రియకు ఇంత వంకర ఎందుకు? ఎందుకంటే అది వాడుకలో ఉంది కనుక. లాటరీ లెక్క గుర్తుందిగా. ప్రతి బిడ్డ చెవినా రోజూ పడే మాటకు జట్టు సాయం అక్కర్లేదు, ఒంటరిగానే ఇరుకు దాటేస్తుంది. అరుదైనది దాటలేదు. 2001లో కిర్బీ తన మోడల్‌లో, అంటే కంప్యూటర్‌లో నడిపిన ఇలాంటి తరాల ఆటలో, కొన్ని అర్థాలను తరచుగా, కొన్నిటిని అరుదుగా వచ్చేలా చేస్తే, తరచుగా వచ్చేవాటిలోనే నియమం తప్పిన రూపాలు నిలబడ్డాయి. ఇంగ్లీషు క్రియల మీద 2007లో వచ్చిన లెక్క దీనికి సరిపోతుంది. పాత ఇంగ్లీషులో నియమం తప్పిన క్రియలు 177 తీసుకుంటే, వాటిలో ఇప్పటికీ అలాగే ఉన్నవి 98. వంద రెట్లు తక్కువగా వాడే క్రియ పది రెట్లు త్వరగా దారికొస్తుందట.

ఇంతవరకూ మోడల్‌ను పొగిడాను. ఇప్పుడు నా సొంత అవమానం ఒకటి చెబుతాను.

కొన్నేళ్ళ కిందట రెండు న్యూరల్ నెట్‌వర్క్‌లతో, అంటే ఉదాహరణలు చూసి తమంతట తామే నేర్చుకునే ప్రోగ్రాంలతో, ఒక ఆట రాశాను. ఒకటి బొమ్మను చూసి సందేశం పంపాలి, రెండోది ఆ సందేశాన్నిబట్టి నాలుగు బొమ్మల్లో సరైనది పట్టుకోవాలి. గంట తిరక్కుండా నూటికి నూరు వచ్చింది. భాష పుట్టింది! ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ సందేశాల్లో నామవాచకాలు వెతుకుతూ రెండు వారాలు కూర్చున్నాను. కొన్ని కనబడ్డాయి కూడా, అదీ విషాదం. చివరికి ఎందుకో అనుమానం వచ్చి, సందేశం బదులు అన్నీ సున్నాలు పంపి చూశాను. అప్పుడూ నూటికి నూరే. నా కోడ్‌లో సరైన బొమ్మ ఎప్పుడూ మొదటి స్థానంలోనే ఉంటోంది. రెండో నెట్‌వర్క్ సందేశం చదవనే లేదు, మొదటిది ఎంచుకుని ఊరుకుంది. (నవ్వులు)

నా ఒక్కడి తెలివితక్కువతనం అయితే చెప్పేవాడిని కాదు. 2018లో డయాన్ బుషాకూర్, మార్కో బరోనీ ఇలాంటి ఆటలోనే, కోడ్‌లో ఏ తప్పూ లేకుండానే, ఇంకా పెద్ద చిక్కు చూపించారు. నిజమైన ఫొటోలతో మాట్లాడుకోవడం నేర్చుకున్న ఏజెంట్లకు ఫొటోల బదులు రంగుల రవ్వ, అంటే ఉత్త గోల, ఇచ్చారు. అవి అప్పుడూ హాయిగా "మాట్లాడుకున్నాయి". కుక్క, కుర్చీ లాంటి ఊహలేవీ వాటికి లేవు. బొమ్మల్లోని పైపై తేడాల మీద బేరం కుదుర్చుకున్నాయి, అంతే. మరుసటి ఏడాది రహ్మా షాబూనీ బృందం ఇంకో వింత చూపించింది. మన భాషల్లో తరచుగా వాడే మాటలు పొట్టిగా ఉంటాయి: ఆ, ఈ, నేను, రా, పో. ఏజెంట్ల భాషలో తరచుగా వచ్చేవాటికే పొడవాటి మాటలు వచ్చాయి! కారణం తేలిక. వాటికి నోరు నొప్పి పుట్టదు, వినేదానికి విసుగు రాదు. 2020లో కొందరు మాట్లాడే ఏజెంట్‌కు బద్ధకం, వినే ఏజెంట్‌కు తొందర తగిలించారు. అప్పుడు మాటలు పొట్టివయ్యాయి. మన భాష అందం వెనక మన సోమరితనం వాటా ఎంతో అని నాకప్పుడు అనిపించింది.

2017లో ఫేస్‌బుక్ పరిశోధకుల బాట్లు, అంటే మాట్లాడే ప్రోగ్రాంలు, సొంత భాష కనిపెట్టాయని, భయపడి ఆపేశారని వార్తలొచ్చాయి, మీలో చాలామంది చదివే ఉంటారు. బేరమాడటం నేర్పిన ఆ బాట్లకు, సరైన ఇంగ్లీషులోనే మాట్లాడాలన్న షరతు లేకపోయింది. అవి "నాకు నాకు నాకు" తరహాలో మాటలు రిపీట్ చేస్తూ పోయాయి. పరిశోధకులు సెట్టింగు మార్చుకున్నారు. అక్కడ భయానికి చోటు లేదు, భాషకూ పెద్దగా లేదు.

కాబట్టి మోడల్‌ను ఏమడగాలో తెలిసి అడగాలి. "ఇలా జరిగింది" అని అది ఎప్పటికీ చెప్పదు. "ఇంత ఉంటే చాలు" అని చెబుతుంది. వ్యాకరణానికి మెదడులో అచ్చు ఉండి తీరాలి అని ఎవరైనా అంటే, అచ్చు లేకుండానే పుట్టిన ఈ పట్టికను చూపించి "తీరాలి" అన్న మాటను వెనక్కి తీసుకోమనొచ్చు. అచ్చు లేదని మాత్రం దీనితో నిరూపించలేం. 2007లో కిర్బీ, మైక్ డౌమన్, టామ్ గ్రిఫిత్స్ లెక్క వేసి చూపిన సంగతి నా ఉద్దేశంలో ఈ రెండు పక్షాలకూ ఇబ్బందికరమైనది. మెదడులో ఎటువైపో రవ్వంత మొగ్గు ఉన్నా చాలు, తరాలు గడిచేకొద్దీ అది పెరిగి అన్ని భాషల్లోనూ రాతిగీతలా కనబడొచ్చు. గీత గట్టిగా ఉందని మొగ్గు గట్టిదనుకోనక్కర్లేదు.

ఇప్పటి పెద్ద భాషా మోడళ్ళతో, అంటే కుప్పలకొద్దీ రాతలు చదివి మనలా మాట్లాడే ప్రోగ్రాంలతో, ఈ ప్రశ్న తేలుతుందా అని ముందే చీటీ పంపారు ఒకరు. వాటికి మన ఇరుకు లేదు. పదమూడేళ్ళ పిల్లలు అప్పటికి విన్న మాటలు పది కోట్ల లోపు ఉంటాయని ఒక అంచనా. ఆ మోడళ్ళు లక్షల కోట్లు చదువుతాయి. పైగా అవి చదివేది ఇప్పటికే లెక్కలేనన్ని తరాల ఇరుకులోంచి నలిగి వచ్చిన భాషను. పుట్టుక గురించి వాటిని అడగడం, నదిలో నునుపెక్కిన గులకరాయిని ఏరుకొచ్చి కొండ గురించి అడగడం లాంటిది. పిల్లలు వినేంత మాటలతోనే చిన్న మోడళ్ళకు శిక్షణ ఇచ్చే పోటీ 2023 నుంచి నడుస్తోంది. నాకు దాని మీద ఆశ ఎక్కువ.

సరే, మన పట్టికకు వద్దాం. చాలా తరాలే గడిచాయి. చూశారా, నిలువు వరసల్లో చివరి ముక్కలు కుదిరిపోయాయి: పరిగెత్తే ప్రతి జంతువుకూ "గు", నిద్రపోయే ప్రతిదానికీ "రె". ఇదిగో, ఈ ఒక్క గడిలో మాత్రం మొదట ఉన్న "కిమపో" అలాగే ఉంది. అది నేను చేసిందే, ఆ గడిని ప్రతి తరానికీ తప్పకుండా వినిపించమని రాశాను. మరి పైనుంచి రెండో వరస, నాలుగో వరస చూడండి. రెండిటికీ "లు" వచ్చింది. కుక్కా పిల్లీ ఒకటైపోయాయి. ముందు వరసలో ఎవరో "తూగే" అంటున్నారు, అవును, అదే. వినేవాడిని పెట్టే లైను ఇదిగో ఇక్కడుంది, ముందు హాష్ గుర్తు పెట్టి ఆపేసి ఉంచాను. ఆ గుర్తు తీసేసి మళ్ళీ రన్ కొడుతున్నాను. అది తిరిగేలోపు మీ ప్రశ్నలు అడగండి.